పోయని నీళ్ళు

బర్కతుల్లా కారు కొని మూడు నెలలు కూడా కాలేదు. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు.

ఉదయగిరిలో కలప డిపో అతనిది. ఆ పొద్దున, పక్షవాతంతో కాళ్ళు పడిపోయిన తల్లి చాంద్బీని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆత్మకూరు డాక్టరు దగ్గరికి బయలుదేరాడు.

1982 మే నెల. తొమ్మిది గంటలకే రోడ్డు సెగలు కక్కుతోంది.

సగం దారిలో బానెట్ సందులోంచి పొగ వచ్చింది. కారు ఆపి దిగేలోపే పొగ కాస్తా మంటయింది.

"యా అల్లా!" అంటూ బర్కతుల్లా రెండు చేతులూ బానెట్ మీద వేశాడు. అరచేతులు చుర్రుమన్నాయి.

"ఎత్తబాక సాయిబూ!"

వెనక నుంచి కేక.

ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. ఇసక వాగులో చెలమ తోడి, నీళ్ళు మోసుకుపోతోంది.

"ఆ రేకు ఎత్తినావంటే గాలి తగిలి మంట నీ మొకాన కొడతాది. లోపల ఎవురన్నా ఉండారా?"

"మా అమ్మ! నడవలేదు!"

"అమ్మనొదిలేసి రేకు పట్టుకున్నావేంది?"

బిందెలు దూరంగా దించి పరిగెత్తింది. వెనక తలుపు తీసి, చాంద్బీ చంకల కింద చేతులు వేసి లాగింది. బర్కతుల్లా కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ ముసలామెను మోసుకెళ్ళి వేపచెట్టు నీడన పడుకోబెట్టారు.

అప్పుడు గుర్తొచ్చాయి బర్కతుల్లాకు, ఆ రెండు బిందెలు.

"ఆ నీళ్ళు ఇట్టా తే!"

"వొద్దు సాయిబూ."

అతను బిందెల వైపు ఉరికాడు. ఆమె అడ్డం నిలబడింది.

"చంపినా పొయ్యనియ్యను."

"కొత్త కారు కాలిపోతా ఉంటే నీకు రెండు బిందెల నీళ్ళు ఎక్కువైపోయినాయా? మనిషివేనా నువ్వు?"



"తాళం తిప్పి ఇంజను ఆపినావా?" అని మాత్రం అడిగింది ఆమె.

ఆపానని అతను తల ఊపగానే చీర కుచ్చెళ్ళు ఎగదోపి, రోడ్డు పనికి పోసిన ఇసక కుప్ప మీద పడింది. ఒడి నిండా ఇసక ఎత్తుకుని మంట దగ్గరికి పోయింది. ముందు జాలీలోంచి, చక్రాల పక్కల నుంచి, ఎక్కడ సందు దొరికితే అక్కడ విసిరింది. మళ్ళీ ఒడి. మళ్ళీ మంట దగ్గరికి.

బర్కతుల్లా కూడా కాలిన చేతులతోనే ఇసక ఎత్తాడు.

ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. చీర అంచు కమిలింది. కనుబొమలు మాడాయి. పావుగంటకు మంట చచ్చింది. కారు ముందు భాగం బొగ్గయింది. వెనక భాగం చెక్కుచెదరలేదు.

"చేతులు ఇట్టా చాపు."

ఒక బిందె ఎత్తి, అతని అరచేతుల మీద సన్నగా ధార పోసింది. ఆ బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది. రెండో బిందెలోంచి చాంద్బీకి దోసిలితో తాగించి, మొహం తుడిచింది. మిగిలిన నీళ్ళు అతని చేతుల మీద కుమ్మరించింది.

తర్వాత ఖాళీ బిందెలు ఎత్తుకుని మళ్ళీ వాగు దారి పట్టింది.

బర్కతుల్లా కారు వైపే తిరిగి నిలబడ్డాడు. ముందే నీళ్ళు పోయనిచ్చుంటే ముందు భాగం కూడా మిగిలేదన్న కోపం అతనిలో ఇంకా చల్లారలేదు.

"ఆమె పేరేందిరా?" అని తల్లి అడిగింది.

అతనికి తెలియదు.

కారును ఆత్మకూరుకు లాగించాడు. మెకానిక్ సామ్యేలు బానెట్ ఎత్తి చూశాడు.

"పెట్రోలు పైపు లీకయినాది అన్నా. నీళ్ళు పోసినారా?"

"ఎక్కడ! రెండు బిందెలు పెట్టుకుని చుక్క పొయ్యనియ్యలేదు ఆ మహాతల్లి."

సామ్యేలు స్పానర్ కింద పెట్టాడు.

"ఆమె కాళ్ళకు మొక్కాల్సింది. పెట్రోలు నీళ్ళ మీద తేలతాది. నీళ్ళు ఎంత దూరం పారితే మంట అంత దూరం పారతాది. వెనక ట్యాంకుదాకా పోయుంటే ఇప్పుడు నువ్వు నాతో మాట్లాడతా ఉండవు."

బర్కతుల్లా కట్టు కట్టిన చేతుల వైపు చూసుకున్నాడు.

కారు బాగయ్యేసరికి తొలకరి పడింది. ముందు ఆ నీళ్ళ బిందెలామె పల్లెకే పోదామంది చాంద్బీ. ఆమెకు పెట్టాల్సిన చీర తానే ఎంచింది.

పల్లె మొదట్లో, పంచ కింద వల అల్లుకుంటున్న ముసలాయన కనిపించాడు. పేరు ఓబులయ్య. కారు మంట సంగతి ఎత్తగానే ఆయనకు అర్థమైంది.

"గురవమ్మ కోసం వచ్చినారా? పోయి నెల దాటింది సాయిబూ. వడదెబ్బ."

కారులో చాంద్బీ కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం కదిలాయి.

బర్కతుల్లా ముసలాయన పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలీని సంగతి ఆమెకెట్టా తెలిసినాది? చదువుకునిందా?"

"యాడ సదువు! వేలిముద్ర మనిషి. ఆమె మొగుడు తిరుపాలు లారీ క్లీనరు. ఇరవై ఏళ్ళయినాది. ఈ రోడ్డు మీదనే, పెట్రోలు లారీ కింద దూరి రిపేరు చేస్తా ఉంటే పైన ఇంజను అంటుకునింది. పాక్కుంటా బయటికి వస్తానే ఉన్నాడు. ఆలోపల పైనుంచి నీళ్ళు కుమ్మరించినారు. మంట కిందికి పారింది. ఆ తర్వాత కనపడిన డ్రైవరునల్లా నిలబెట్టి అడిగేది గురవమ్మ, పెట్రోలు మంట ఎట్టా ఆర్పాలని."

బర్కతుల్లాకు ఉండబట్టలేదు.

"ఆ నీళ్ళు పోసినోడు ఎవుడు? బుద్ధుందా వాడికి?"

ఓబులయ్య వల పక్కన పెట్టాడు.

"అట్టా అనబాక సాయిబూ, పోసింది గురవమ్మే."