నాలుగక్షరాల తమ్ముడు

"నా వల్ల కాదక్కా. నాది జాలి లేని టైపని ఆ పర్సనాలిటీ టెస్టులోనే తేలిందిగా," అన్నాడు తేసప్, ఆస్పత్రి గది గుమ్మం దాటకుండానే.

పక్షవాతంతో పడున్న తల్లి కింద నుంచి మలం బేసిన్ తీస్తోంది ఓక్‌జిన్. ఇరవై రోజులుగా ఆమె పడక ఆ మంచం పక్కనున్న తోడువాళ్ల బల్లే. బేసిన్ కంటే తమ్ముడి కోటు మీది సెంటే ఎక్కువ కంపు కొట్టింది.

"అమ్మని చూస్తే ఏమీ అనిపించట్లేదట్రా?"

"లేదు. నన్నేం చేయమంటావ్? నా పుట్టుకే అంత. సియోల్‌లో ఎవర్నైనా అడుగు, మా టైపంతా ఇంతే." ఆఫీసు కార్డు ఎత్తి చూపించాడు. పేరు కింద, అతని టైపుకి గుర్తుగా టెస్టు ఇచ్చిన నాలుగక్షరాలు.

ఓక్‌జిన్‌కు రోత పుట్టింది. ఆ అక్షరాలు చూడగానే ఏదో గుర్తొచ్చి ఆగింది.

"ఉద్యోగం దరఖాస్తుకి ఆ టెస్టు నువ్వెప్పుడు రాశావురా? సోజు తాగి సోయి లేకుండా పడున్నావు. గడువు దాటిపోతోందని నేనే రాశాను. నీ మనసేంటో తెలీక, అన్నీ నా జవాబులే పెట్టాను."

తేసప్ కార్డు వంక చూసుకున్నాడు.

"ఆ జాలి లేని టైపు నాదిరా," అంటూ బేసిన్ అతని చేతుల్లో పెట్టింది. "మరుగుదొడ్డి ఎడం పక్కన."