జంగు పోని దారి

కొండ మీద ఎవరైనా చనిపోతే, రెండో దారిలో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఇంటి గోడ మీద చూపించడం ఇప్పుడు ఆనవాయితీ. జంగు ఎడమవైపు మంచు వాలు ఎక్కుతుండగా పెళ్ల విరిగిపడి చనిపోయాడు. పదకొండో రోజున గోడ వెలిగింది. బియ్యం ఏరుతున్న కూతురు భీంబాయి తలెత్తింది.

"దాన్ని ఆపు బిడ్డా, నీ కాల్మొక్త," అంది తల్లి మోతుబాయి.

గోడ మీద జంగు దారి చీలిన చోట ఆగి, ఆ రోజు చేసినట్టే భార్యకు ఫోన్ చేశాడు.

"ఎడమకు పోతే రెండొద్దులల్ల ఇంటికొస్త. కుడికి పోతే ఐదొద్దులు. ఎటు పొమ్మంటవే?"

"కుడికే పో. నిమ్మళంగ రా," అంది గోడలోంచి మోతుబాయి గొంతు.

జంగు కుడికి తిరిగాడు.

భీంబాయి చేట కింద పెట్టింది.

"అమ్మా, ఆ పొద్దు నువ్వేమన్నవ్?"