ఆరు గ్లాసుల సూపు

"బియ్యం వంద గ్రాములు, పెసరపప్పు వంద, క్యారెట్టు రెండు, పాలు అర లీటరు, నూనె మూడు స్పూన్లు..."

నిస్సీ ఫోనులో కూడుకుంటూ పోయింది.

"మొత్తం పన్నెండొందల కేలరీలు మేడమ్. సూపు ఆరు గ్లాసులొస్తుంది. గ్లాసుకు రెండొందలు."

"మీ నాయనకు రోజుకు పదహారొందలు లోపలికి పోవాలమ్మా," అంది డైటీషియన్ లోహిత. "నాలుగొందలు తక్కువ. ఈ పొడి కొని సూపులో కలుపు. రుచీ వాసనా ఏమీ ఉండవు."

డబ్బా మీద ధర చూసి నిస్సీ దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేసింది. పలమనేరులో ఉన్న ఒక్క ఆవునూ అమ్ముకునే తిరుపతికి వచ్చారు.

ఏడో గ్లాసు పోస్తే నాయన కక్కేస్తాడు. జయరావుకు గొంతు క్యాన్సర్. ముప్ఫై మూడు రోజులు కరెంటు పెట్టాలి. రేడియేషన్‌ను అక్కడ అందరూ అలాగే అంటారు. బరువు నలభై కేజీలకు తగ్గితే మధ్యలోనే ఆపేస్తామని డాక్టర్లు ముందే చెప్పారు. ఇప్పుడున్నది నలభై మూడు.

ఆసుపత్రి వెనక సత్రంలో దిగారు. అందరికీ ఒకటే వంటిల్లు. మొదటిరోజే మేనేజరు మునిప్రసాద్ అలమరలోంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి ఇచ్చాడు.

"ఎవురిదన్నా ఇది?"

"మొన్న సచ్చిపోయినాయనదిమ్మా. ఒక్క సొట్ట గూడా లేదు, వాడుకో."

"సచ్చిపోయినోళ్లది మా నాయన నోట్లో పెట్టేదా? నాకొద్దు!"

పక్క పొయ్యి మీద జావ కాస్తున్న ముసలామె తలెత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

నిస్సీని తప్పుపట్టడానికి లేదు. ఆ సత్రంలో పోయినవాళ్ల గ్లాసు కూడా ఎవరూ ముట్టరు. బతకాలని వచ్చినవాళ్లకు ఆ మాత్రం భయం ఉంటుంది.

ముసలామె పేరు ఫక్రున్నీసా. అందరూ బూబమ్మ అంటారు.

"మీ ఆయనకు యాడ అవ్వా జబ్బు?" అనడిగింది నిస్సీ ఒకరోజు.

"గొంతులోనే బిడ్డా. మీ నాయన మాదిరే."

అంతకుమించి మాట్లాడే మనిషి కాదు. నిస్సీ సూపు పొయ్యి మీద పెట్టి నాయనను కరెంటుకు తీసుకుపోతే, మంట చూసుకునేది మాత్రం ఆమే.

మొదటి వారం నలభై మూడు. రెండో వారం నలభై మూడు. మూడో వారమూ అంతే.

"పన్నెండొందలతో బరువు నిలబడదే!" అంది లోహిత, కార్డు తిరగేస్తూ.

"మీ లెక్కే ఎక్కువేమో మేడమ్," అంది నిస్సీ. గర్వం దాచుకోవడం ఆ పిల్లకు చేతకాదు.

జయరావుకు రుచి ఎప్పుడో పోయింది. అయినా గ్లాసు ఖాళీ చేసి, "నున్నగా జారతా ఉండాదమ్మా," అనేవాడు.

ఆ మర్నాడు కరెంటు దగ్గర జనం లేరు. నిస్సీ తొందరగా తిరిగొచ్చింది. వంటింట్లో బూబమ్మ సూపు గిన్నె మూత తీసి, లోపల గరిటె పెట్టి ఉంది.

"ఏం జేస్తా ఉండావు?"

గరిటె జారి కింద పడింది.

"అడుగంటతాదని కలబెడతా ఉండాను బిడ్డా."

"అబద్దం! మీ ఆయనకు ఎత్తుకుపోతా ఉండావు. గ్లాసు గ్లాసూ లెక్కేసి కాస్తా ఉండాను నేను. మా నాయన గొంతులోది దొంగతనం జేసేదానికి నీకు మనసెట్లొచ్చింది?"

వంటింట్లో వాళ్లందరూ తిరిగి చూశారు. ఏ రోజూ ఆరు గ్లాసులకు ఒక్క గుక్క తగ్గలేదన్న సంగతి ఆ కోపంలో నిస్సీకి తట్టలేదు.

బూబమ్మ ఏదో చెప్పబోయింది. అలమర వైపు చూసి ఆగిపోయింది.

"తప్పయిపోయింది బిడ్డా," అంది.

మర్నాడు ఆమె పొయ్యి ఖాళీగా ఉంది. సిగ్గుపడి వేరే చోటికి మారిపోయిందనుకుంది నిస్సీ.

నాలుగో వారం బరువు నలభై ఒకటిన్నర.

"ఏం మార్చినావమ్మా?" అంది లోహిత.

"ఏమీ మార్చలేదు మేడమ్. అదే పప్పు, అవే పాలు."

"గొంతులో గీసుకుంటా ఉండాదమ్మా," అంటూ జయరావు గ్లాసు పక్కకు నెట్టేస్తున్నాడు.

ఐదో వారం ముప్ఫై తొమ్మిది. కరెంటు ఆపేశారు. ఆ తర్వాత పది రోజులకు జయరావు కన్నుమూశాడు.

బయట అంబులెన్సు ఆగి ఉంది. నిస్సీ గది ఖాళీ చేసి, నాయన గ్లాసు కడిగి వంటింటి అలమరలో పెట్టింది. ఇక దాన్నీ ఎవరూ ముట్టరు. పక్కన ఆ స్టీలు ఫ్లాస్కు అలాగే ఉంది.

మునిప్రసాద్ ఒక గుడ్డసంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"బూబమ్మ ఊరికి పోతా పోతా నాకిచ్చిందిమ్మా. దినామూ నాలుగు గరిటెలు నీకు తెలీకుండా సూపులో కలపమనింది, తాను కలిపినట్ల. నీ నోటికి భయపడి నేను కలపలేదు."

సంచిలో రెండు పొడి డబ్బాలు. లోహిత కొనమన్నవే.

నిస్సీ డబ్బా వెనక అంకెలు చదివింది. అలవాటు కొద్దీ మనసులోనే కూడేసింది. నాలుగు గరిటెలకు నాలుగొందలు.

డబ్బా పట్టుకునే అక్కడ నేల మీద కూర్చుంది.

"సెప్పి ఇచ్చుంటే కళ్లకద్దుకోని తీసుకుందును కదన్నా! ఎందుకు సెప్పలేదు? ఇవన్నీ మాకు పోసేస్తే వాళ్లాయన ఏం తాగినాడు?"

మునిప్రసాద్ అలమర వైపు చూశాడు.

"ఈ డబ్బాలు ఎవురికన్నా పనికిరావాలని ఊరికి గూడా పోకుండా ఈడనే ఉండిపోయింది ముసల్ది. వాళ్లాయన యాడుండాడమ్మా? మొదటిరోజు నువ్వొద్దన్న ఆ ఫ్లాస్కు ఆయప్పదే."