పిడుదుల క్యాలెండర్

"ముప్పై ఏడు" అంది కూతురు, సబ్బునీళ్ల గ్లాసులోకి తొంగిచూస్తూ.

తండ్రి మెట్టు మీద కూర్చుని, ముప్పై ఎనిమిదో పిడుదుని బొగ్గుగాడి చెవి మడతలోంచి పట్టకారుతో పీకాడు. కుక్క కిక్కురుమనలేదు. అతని ఒళ్లో తలపెట్టి, తోకతో ఒక్కసారి నేలని తట్టింది.

నాలుగు నెలల కిందటి దాకా ఆ నల్లటి ఒంటి మీద ఒక్క పిడుదు కనపడితే ఒట్టు. ఆరేళ్లుగా కన్నబిడ్డలా పెరిగిన కుక్క. గేటు దాటదు. పరాయి కుక్క మొరిగితే మంచం కింద దూరుతుంది. అలాంటి దానికి మొన్నామధ్య పిడుదుల జ్వరం వచ్చి, ఒంట్లో నెత్తురు సగం అయిపోయి, చావు తప్పి కన్ను లొట్టపోయింది. పిడుదులకి మాత్ర వేస్తే మూర్ఛ వచ్చింది. ఇక పట్టకారే గతి.

ఇల్లాలు కొంగు బిగించింది. కుక్క పక్కబట్టలు ఉడకబెట్టింది. గోడ బీటల్లో సిమెంటు మెత్తింది. ఇల్లంతా మందు కొట్టి, మొగుణ్నీ, కూతుర్నీ, కుక్కనీ ఒక ఆదివారం పొద్దంతా వాకిట్లో కూర్చోబెట్టింది. ఆ ఒక్క రాత్రి హాయి. మర్నాటికి మళ్లీ మొదలు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంకా ఏ బీటలో దాక్కున్నాయో" అని నిట్టూర్చింది.

పశువుల డాక్టరమ్మ ఆ మాట ఒప్పుకోలేదు.

"మీ ఇంటి తప్పు కాదు. పిడుదులకి రెక్కల్లేవమ్మా. కుక్క గేటు దాటట్లేదంటే, మీలో ఎవరో మోసుకొస్తున్నారు. గడ్డిలో తిరిగినా, కూర్చున్నా బట్టలు పట్టుకుని వచ్చేస్తాయి. అదెక్కడో కనిపెట్టండి. ఇంకోసారి జ్వరం వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇల్లాలు ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. కూరగాయల బండి దాకా వెళ్లడమే ఆమెకి దేశాటనం.

"మా ఆఫీసు మూడో అంతస్తు డాక్టర్ గారూ. అక్కడ గడ్డిపరక కావాలంటే టెండరు పిలవాలి" అన్నాడు అతను. ఆ జోకుకి అతను తప్ప ఎవరూ నవ్వలేదు.

కూతురు ఇంటికొచ్చి క్యాలెండర్ ముందు నిలబడింది. రోజూ పీకిన పిడుదుల లెక్క ఆ గళ్లలో రాసేది తనే. పదకొండేళ్ల పిల్లకి అంత ఓపిక, అచ్చం తల్లి పోలిక.

"నాన్నా, ఇది చూడు. ఆదివారం ఎప్పుడూ నాలుగో, ఐదో. సోమవారం నుంచి మళ్లీ ముప్పై, నలభై."

"వాటికీ ఆదివారం సెలవు కాబోలు" అంది తల్లి వంటింట్లోంచి.

పిల్ల నవ్వలేదు. "నాకూ ఆదివారం సెలవే కదా. మేం పరిగెత్తే గ్రౌండు చుట్టూ గడ్డే. నేనే తెస్తున్నాను నాన్నా."

అతను క్యాలెండర్ వంక చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. చెప్పబోయింది మింగేశాడు.

మర్నాడే పిల్ల పరుగుపందెం జట్టులోంచి పేరు తీయించేసుకుంది. పోటీలు ఇంకో పది రోజులే ఉన్నాయి. రెండేళ్లుగా చీకటితోనే లేచి సాధన చేసిన పిల్ల. మాస్టారు ఫోన్ చేసి, దానికి నచ్చజెప్పమని బతిమాలాడు.

"దాని ఇష్టం సార్" అన్నాడు అతను. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పట్నుంచి పిల్ల బడి నుంచి రాగానే స్నానం చేసి, విడిచిన బట్టలు బకెట్లో నానేసి, ఆ తర్వాతే కుక్క దగ్గరికి వెళ్లేది. ఆ అంకెలు చూడలేక క్యాలెండర్‌లో లెక్క రాయడం మానేసింది. ఈ కొత్త కట్టుబాట్లు బొగ్గుగాడికి అర్థం కాలేదు. కాసేపు మూలిగి, సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర ఇంటాయన కోసం కాచుక్కూర్చునేది. అతను మెట్టు మీద కూలబడగానే ఒళ్లో వాలిపోయేది. తోసేయాలనే అనుకునేవాడు. చేతులు రాలేదు. పొద్దంతా తిరిగొచ్చిన మనిషిని ఒక్క ప్రశ్నా అడక్కుండా దగ్గరికి తీసుకునే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

శుక్రవారం కుక్క తిండి ముట్టలేదు. చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. శనివారం మధ్యాహ్నం డాక్టరమ్మ బల్ల మీద పడుకుని, ముగ్గురి వంకా మార్చి మార్చి చూస్తూ ప్రాణం వదిలేసింది.

"ఇది పది రోజుల కిందటే ఒంట్లోకి ఎక్కిన జ్వరం. ఈ వారం మీరెంత జాగ్రత్త పడ్డా లాభం లేకపోయింది" అంది డాక్టరమ్మ.

పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పది రోజుల కిందట తను ఇంకా పరిగెడుతూనే ఉంది.

ఆదివారం పొద్దున పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. పిల్ల కంట చుక్క నీరు రాలేదు. ఏడిస్తే బాగుండునని తల్లికి దిగులు పట్టుకుంది.

"నేనే కదా నాన్నా దాన్ని చంపింది?"

"కాదమ్మా."

"మరెవరు?"

అతను పార కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు.

సోమవారం ఎనిమిదిన్నరకి ఎప్పటిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య ఇచ్చిన అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరి, నాలుగు నెలల కిందట తనని ఉద్యోగంలోంచి తీసేసిన ఆఫీసు ముందు నుంచి తల వంచుకుని నడిచి, ఊరి చివర గొర్రెలు మేసే బీడులో, సాయంత్రం ఆరయ్యేదాకా రోజూ కూర్చునే చోటే, మోకాలెత్తు గడ్డిలో కూర్చున్నాడు.