అల్లుడి లక్షణాలు

"ఈ కుర్రాడు వద్దు," అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన, పెళ్ళివారు గేటు దాటారో లేదో.

భార్య తల కొట్టుకుంది. "బ్యాంకు ఉద్యోగం, మెత్తటి మాట. ఏం తక్కువైందండీ?"

"విప్పిన బూట్లు చూశావా? స్కేలు పెట్టి సర్దినట్టున్నాయి."

ఆదివారం పేపర్లో ఓ నిపుణుడు, వరసపెట్టి హత్యలు చేసేవాళ్ళ గురించి పేజీడు రాశాడు. ఎక్కువమంది మగవాళ్ళేనట. వయసు ముప్పై దగ్గర, మాట తక్కువ, శుభ్రత ఎక్కువ. దొరికిపోయాక ఇరుగుపొరుగు "ఎంత మంచివాడో" అని ముక్కున వేలేసుకుంటారట. ఆడవాళ్ళు బహు అరుదట. షాపాయనకి అదంతా కంఠతా వచ్చేసింది.

రెండోవాడు లెక్కల మాస్టారు. సోఫా మీద రాలిన బిస్కెట్ పొడిని వేలితో ఏరి ప్లేటులో వేశాడు. అమ్మ మాట దాటనన్నాడు. షాపాయనకి తెగ నచ్చేశాడు. వీధి చివరిదాకా వెళ్ళి, అతన్ని బస్సెక్కించి మరీ వచ్చాడు.

వచ్చి, "వీడూ వద్దు," అన్నాడు. "తల్లిచాటు బిడ్డ. పేపర్లో అదీ రాశారు."

"అయితే మంచివాళ్ళంతా హంతకులేనా?" భార్యకి ఏడుపొచ్చేసింది. "కొత్త ఊరొచ్చాం. ఇక్కడైనా పిల్ల జీవితం కుదుటపడుతుందనుకుంటే, మీరు పడనిచ్చేలా లేరు."

లోపల అమ్మాయి కాఫీ కప్పులు కడిగి, పిడులన్నీ ఒకేవైపు తిప్పి బోర్లించింది. ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనదు.

మూడోవాడు ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. గంట ఆలస్యంగా వచ్చాడు. వాకిట్లోనే డ్రైవరు చెంప ఛెళ్ళుమనిపించాడు. బురద బూట్లతో సోఫాలో కాళ్ళు బారజాపుకుని, ఫోన్లో ఎవరినో నోటికొచ్చినట్టు తిట్టాడు.

వెంట వచ్చిన అన్న అదోలా నవ్వి, "వీడు ఇంట్లోంచి కదిలితే మా అందరికీ పండగేనండీ," అన్నాడు.

షాపాయన ముఖం వెలిగిపోయింది. "ఖాయం చేసుకుందాం."

భార్య ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మీకేమైనా మతి పోయిందా? వీడికిచ్చి దాని గొంతు కోస్తారా?"

"నోటి దురుసు, మురికి, ఊరందరితో తగువులు. పేపర్లో రాసిన లక్షణం ఒక్కటి లేదు. ఇంతకంటే నిక్షేపంలాంటి అల్లుడు మనకి దొరకడే," అన్నాడాయన.

పాత ఊళ్ళో, వెన్నలాంటి రెండో అల్లుణ్ణి కూడా కూతురు చంపేస్తే, మొదటివాడి పక్కనే పెరట్లో పూడ్చి, వీడూ పారిపోయాడని భార్యకి చెప్పిన రోజే, ఈసారి మాత్రం పోయినా ఎవరూ ఏడవనివాణ్ణి తేవాలని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.