గిన్నెలు కడిగిన నీళ్ళు

"కళ్ళు పోయాయా డెస్? నీ బంగారం నీళ్ళ మీద తేలి పోతోంది చూడు!"

పెరట్లో పక్కనే కూర్చున్న పొరుగింటి క్లైవ్ అరుపుకి డెస్మండ్ బంగారం కడిగే పళ్ళెం తిప్పడం ఆపాడు. హోకిటికా సముద్రతీరం నుంచి తెచ్చుకున్న నల్ల ఇసుకలోంచి పుప్పొడిలాంటి బంగారం పైకి లేచి, అంచు దాటి తొట్టిలోకి జారిపోతోంది.

"బంగారం మునగాలి కదరా?"

"ఇంత సన్నదైతే తేలుతుంది. నీళ్ళలో సబ్బు చుక్క వెయ్యలేదా?"

"ముప్ఫయ్యేళ్ళ సరదా ఇది. ఎప్పుడూ వెయ్యలేదు. మా ఆవిడ మోరీన్ పోయినప్పట్నుంచే ఆ తీరంలో బంగారం దొరకడం లేదు."

క్లైవ్ జేబులోంచి చిన్న సబ్బునీళ్ళ సీసా తీసి ఒక చుక్క విదిల్చాడు. తేలుతున్న బంగారం మునిగి, పళ్ళెం అడుగున పచ్చగా పరుచుకుంది.

"మరి అప్పట్లో దొరికేదిగా, తొట్టిలో నీళ్ళెవరు పోసేవాళ్ళు?"

"మోరీనే. వంటింట్లోంచి..." డెస్మండ్ పళ్ళెం కింద పెట్టాడు. "గిన్నెలు కడిగిన నీళ్ళు తెచ్చేది. పిసినారిదానా, మంచినీళ్ళకి కరువొచ్చిందా అని రోజూ తిట్టేవాణ్ణి. నవ్వేసి అవే తొట్టిలో పోసేది."

క్లైవ్ సీసా బల్ల మీద పెట్టి లేచాడు. "ఇది ఉంచుకో. నే వెళ్తా."

"సీసా వద్దు. నువ్వు కూర్చో." డెస్మండ్ తెరిచిన తలుపులోంచి వంటింటి కేసి చూశాడు. సింకులో ఒక కంచం, ఒక కప్పు ఉన్నాయి.

"సన్న చేపలు కలిపి గుడ్డట్లు వేస్తాను, ఇద్దరం తిందాం. నా ఒక్కడి కంచం కడిగిన నీళ్ళతో తొట్టి నిండదురా."