ఖాళీ ఉయ్యాలలో ఊపిరి

చంటిపిల్లల ఊపిరి లెక్కపెట్టే యాప్ తెల్లారితే విడుదల. రాత్రి టెస్టింగ్ గదిలో, దాన్ని పరీక్షించే ఆమె ఒక్కతే ఉంది. ఖాళీ ఉయ్యాల పక్కన టాబ్లెట్ పెడితే సున్నా చూపించాలి. నిమిషానికి ఇరవై చూపిస్తోంది.

వెంటనే మేనేజరుకి ఫోన్ చేసింది.

"చిన్న బగ్గే కదమ్మా, ఇంతమాత్రానికి రిలీజ్ ఆపుతామా?" అన్నాడాయన ఆవులిస్తూ.

"తప్పు లెక్క నమ్మి ఏ తల్లయినా నిద్రపోతే, సార్?"

"నీ ఊపిరే లెక్కపెడుతోందేమో! కాసేపు బిగబట్టి చూడు."

ఆమె ఫ్యాన్ ఆపి, ఊపిరి బిగబట్టింది. గది చెవులు రిక్కించినట్టయింది. అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకి చేరింది. హమ్మయ్య, తన ఊపిరే! మనసు కుదుటపడి, రిలీజ్ బటన్ మీదికి వేలు తీసుకెళ్లింది.

అంతలో తెరమీద ఒకటి పడింది. తర్వాత రెండు. ఆమె ఇంకా ఊపిరి వదలనేలేదు.

"ఏమ్మా, రిలీజ్ చేసేశావా?" అంటున్నాడు మేనేజరు.

జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి.